లేని దయ్యానికి ఇచ్చిన తప్పెట

ప్రభుత్వ బడిలో సంగీతం టీచరు ఏం చేయాలో, ఇప్పుడే ఆ ఉద్యోగంలో చేరుతున్న మీకు ఎవరూ చెప్పి ఉండరు. పొద్దున ప్రార్థన పాట పాడించాలి. జెండా పండుగకు పాట పాడించాలి. అధికారి వస్తే స్వాగతం పాడించాలి. లెక్కల టీచరు సెలవు పెడితే ఆ గంటలో పిల్లలు గోల చేయకుండా చూడాలి. తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో ముప్పై ఏళ్ళు ఈ పనులన్నీ చేశాను. అందులో మీతో చెప్పుకోవలసినది ఒకటే ఉంది, అది నేను తప్పు చేసిన పని. ఒప్పు చేసిన పనుల గురించి వీడ్కోలు సభలో ఇతరులు చెప్పారు. కొన్ని నేను చేయనివి కూడా.

నా సంగతి కొంచెం తెలియాలి. మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మా నాన్న దగ్గరుండి దిద్దించాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. కాలేజీ రోజుల్లోనే హేతువాదుల సభలకు వెళ్ళడం మొదలుపెట్టాను. పురోహితుడు లేకుండా పెళ్ళి చేసుకున్నాను. దేవుడు లేడని, దయ్యం లేదని, కులం మనిషి కట్టిన అబద్ధమని ఈ జిల్లాలో నేను మాట్లాడని ఊరు తక్కువ. ఎదుటివాడు నోరు తెరిచేలోపు వాడి మాటకు జవాబు తయారుగా ఉండేది. వయొలిన్ కంటే నాకు నోరే బాగా పలుకుతుందని మా ఆయన అనేవాడు.

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు మారండహళ్ళి అవతల ఒక పల్లెలో, మిడిల్ స్కూలులో ఉన్నాను. ఒకరోజు హెడ్మాస్టరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఆయన మాట్లాడేది తమిళమే, నేను తెలుగులో చెబుతున్నాను.

"జిల్లాలో పిల్లల పోటీ పెడుతున్నారు టీచర్. వాద్యాలతో కథ చెప్పాలంట. మాటలు తక్కువుండాలంట. పిల్లలతో పాటు పెద్దవాళ్ళు కూడా వాయించవచ్చంట. మన బడి పేరు ఎప్పుడూ ఎక్కడా రాలేదు. ఈసారి రావాలి."

ఇటువంటి కథలో వేషాలు ఉండవు. వాద్యమే పాత్ర. ఒక్కో పాత్రకు ఒక్కో వాద్యం, ఆ వాద్యానికి ఒక చిన్న పలుకు. మొదటిసారి పలికినప్పుడు, ఇది ఫలానా అని కథ చెప్పే పిల్ల చెబుతుంది. మూడోసారి వచ్చేసరికి చెప్పక్కర్లేదు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలే అరుస్తారు. అది జరిగితే కథ నడిచినట్టు.

కథ నేనే రాశాను. హేతువాదిని కాబట్టి దయ్యం కథే రాశాను. ఊరి చివర చింతమానులో పేయి ఉందని ఊరంతా నమ్ముతుంది. మా వైపు దయ్యాన్ని పేయి అంటారు. ఒక సాయంత్రం ఆ చెట్టు నుంచి ఒక వింత అరుపు. అదే రోజు ఒక పిల్ల పెంచుకునే మేకపిల్ల తప్పిపోతుంది. వెతుక్కుంటూ ఆ చెట్టు వైపు పోబోతే కోడి వద్దంటుంది, ఊరి పెద్ద వద్దంటాడు. ఆ పిల్ల వినదు. పోయి చూస్తే పేయీ లేదు, ఏమీ లేదు. మేకపిల్ల నీళ్ళ కోసం ప్లాస్టిక్ బిందెలో తల పెట్టి, తీసుకోలేక అరుస్తోంది. ఆ అరుపునే ఊరు పేయి అనుకుంది.

ధర్మపురిలో ఒక బ్యాండు మేళం పెద్దాయన ఉండేవాడు. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో క్లారినెట్ వాయించినవాడు, తెలుగువాడు. అడగగానే ఒప్పుకున్నాడు. పెద్ద బూర ఊదే మనిషిని ఒకతన్ని వెంట తెచ్చాడు. క్లారినెట్‌కు కోడి. పెద్ద బూరకు ఊరి పెద్ద. ఏడో తరగతి పిల్ల ఒకతె వేణువు ఊదుతుంది, ఆమెకు మేకపిల్ల. భయం లేని ఆ పిల్లకు వయొలిన్, అంటే నేను.

"కోడిగా నన్ను పెట్టినావు, సరి," అన్నాడు పెద్దాయన. "మద్యానం గింజలే ఏస్తావా, అన్నం పెట్టిస్తావా తల్లీ?"

ఇక దయ్యం మిగిలింది. బడికి కొన్న జానపద వాద్యాల సామానులో ఒక తప్పెట ఉంది. చెక్క చట్రానికి తోలు బిగించి, రెండు పుల్లలతో కొట్టేది. తమిళంలో పరై అంటారు. మా పల్లెల్లో అది మోగేది ఎక్కువగా శవం ముందే. కొట్టేది ఊరి బయట కాలనీలో ఉండే దళితులే, ఊరివాళ్ళు కాదు. దయ్యానికి తప్పెట అని రాసుకోవడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. క్లారినెట్‌కు కోడా బాతా అని రెండు రోజులు ఆలోచించినదాన్ని.

ఎనిమిదో తరగతికి పోయి, తప్పెట ఎవరు కొడతారని అడిగాను. చెయ్యి ఎవరూ ఎత్తలేదు. తలలు మాత్రం తిరిగాయి, అన్నీ ఒకే వైపు. మూడో బెంచీలో కాలనీ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ ఇంట్లో కూడా తెలుగే. మాదీ తెలుగే, వాళ్ళదీ తెలుగే, మా తాతలు ఉన్న వీధి వేరు, వాళ్ళ తాతలు ఉన్న వీధి వేరు.

"నాకు రాదు టీచర్," అంది.

"సుమ్మా, ఊరికే చెప్పద్దు పాపా. మీ ఇండ్లల్లో ఉండేదే కదా. నీ చేతిలోనే ఉంటాది. పట్టుకుంటే వస్తాది."

ఈ మాట అన్నది నేను. ఏ మనిషికీ పుట్టుకతో ఏ పనీ రాదని ఎన్నో వేదికల మీద గొంతు చించుకున్న నేను. అన్నప్పుడు నా చెవికి ఏమీ తప్పుగా వినిపించలేదు. ఆ అమ్మాయి లేచి వచ్చి పుల్లలు తీసుకుంది. నిజంగానే ఆమెకు రాదు. ఎడమ చేతి పుల్ల ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. నాకూ తెలియదు కాబట్టి ఇద్దరం కలిసి ఏదో ఒకటి కొట్టాము.

వారం రోజులు బడి వదిలాక వరండాలో అభ్యాసం చేశాము. కోడి బాగా కుదిరింది. బూర రెండు అడుగులు వేసి ఆగేది, మళ్ళీ రెండు అడుగులు, పొట్ట మోసుకొని నడిచే ఊరి పెద్ద కళ్ళకు కట్టేవాడు. దయ్యం వచ్చినప్పుడు మాత్రం ఆ అమ్మాయి తల వంచుకొని దెబ్బ వేసేది. వారం చివర ఆమె నోరు విప్పింది.

"టీచర్, ఒకటి అడగనా?"

"అడుగు."

"కథలో పేయి లేదు కదా?"

"కథలోనే కాదు పాపా, యాడా లేదు."

"అరిచినది మేకపిల్లే కదా?"

"ఔను."

"మేకపిల్ల తప్పెట మాదిరి ఎట్ల అరుస్తాది?"

పెద్దాయన క్లారినెట్ నోట్లోంచి తీసి నవ్వాడు. "చిక్కినావు తల్లీ."

"మా ఇంట్లో ఒకటి నిజంగానే బిందెలో తల పెట్టుకున్నాది," అంది ఆ అమ్మాయి. "బిందెలో పెట్టినా మేక మేక మాదిరే అరుస్తాది టీచర్. గొంతు లావైతాది, అంతే. పేయి అరుపు, మేక అరుపు ఒకటే అని కదా కథ. మరి రెండు వాద్యాలు ఏమిటికి? లేని పేయికి తప్పెట ఏమిటికి ఇచ్చినారు?"

కథ మొత్తం నిలబడేది ఆ ఒక్క చోట. భయపెట్టిన అరుపూ, తర్వాత జాలి పుట్టించే అరుపూ ఒకే గొంతు నుంచి రావాలి. అప్పుడే పిల్లలకు ఓహో అనిపిస్తుంది. నేను ఒకదానికి తోలు, ఇంకొకదానికి వేణువు ఇచ్చి కథ నడుము విరిచాను. సంగీతం చదువుకున్నదాన్ని, కథ రాసినదాన్ని, నాకు కనబడలేదు. మేకలు కాచే పిల్లకు కనబడింది.

అప్పుడు ఒప్పుకుని ఉంటే సగం పరువు దక్కేది. కానీ వాదించే అలవాటు ఒకటి ఉంది కదా.

"భయం పుట్టాల కదా పాపా. తప్పెట వింటే భయమైతాది."

"ఎవరికి?"

నేను పరీక్ష పెడదామన్నాను. అనుమానం వస్తే పరీక్ష చేసి చూడాలి, అది మా పద్ధతి. మరుసటి రోజు ఒకటో తరగతిలో ఒక దుప్పటి అడ్డం కట్టి, వెనుక నుంచి ఒక్కో వాద్యం వినిపించి, ఎవరొచ్చారో చెప్పమని అడిగాము. చిన్నపిల్లల చెవి కల్మషం లేనిది, అది నిజం చెబుతుందని నా నమ్మకం. క్లారినెట్‌కు కోడి అన్నారు, బాతు అన్నారు, మా అత్త అని ఒకడన్నాడు. తప్పెటకు ముందు వరుసలో నలుగురైదుగురు ఒకేసారి "సావు" అన్నారు.

నేను ఆ అమ్మాయి వైపు చూశాను, చూశావా అన్నట్టు. ఆమె నన్ను పట్టించుకోలేదు. ముందుకు పోయి ఒక పిల్లవాడి ముందు కూర్చుంది.

"యాడ విన్నావు రా?"

"మా పక్కింటి తాత సచ్చిపోయినప్పుడు. అమ్మ నన్ను లోపలికి ఈడ్చుకొని పోయినాది. ఆ కొట్టేవాళ్ళ దగ్గరికి పోవద్దనింది."

గోడ దగ్గర కాలనీ పిల్లలు ముగ్గురు కూర్చున్నారు. వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు. మీరు చెప్పండి అంది అమ్మాయి. "మా మామ పెండ్లి," అంది ఒక పాప. "అందరూ ఆడినారు. నేనూ ఆడినాను."

పరీక్ష బాగానే జరిగింది. ఫలితం నేననుకున్నది కాదు. తప్పెటలో చావు లేదు, క్లారినెట్‌లో కోడి లేదు. లోపలికి ఈడ్చుకుపోయిన అమ్మ చేతిలో ఉంది ఆ భయం. నన్నూ చిన్నప్పుడు అట్లాగే ఈడ్చుకుపోయారు. ఎన్నో ఏళ్ళ ఉపన్యాసాలు నా నోటిని మార్చాయి, చెవిని మార్చలేదు.

ఆ రోజే పాత్రలు మార్చేశాను. భయం లేని పిల్లకు తప్పెట. దయ్యానికీ మేకపిల్లకూ ఒకటే వాద్యం, వయొలిన్. వేణువు పిల్లకు కొత్తగా ఒక ఉడుతను పుట్టించాము. హెడ్మాస్టరు మొహం మాడ్చుకున్నాడు.

"కథానాయికకు చావు మేళమా టీచర్? వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆయనతో అరగంట వాదించి గెలిచాను. గెలిచి, తప్పెట మళ్ళీ ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. అదే తప్పెట, ఇప్పుడు గౌరవమైన పాత్ర. ఆమెను అడగలేదు. గౌరవం ఇస్తున్నప్పుడు అడగడం ఎందుకనుకున్నాను.

సోమవారం పొద్దున ఆమె నాన్న వచ్చాడు. హోసూరులో కట్టడం పనికి పోతాడు, శనివారం వచ్చి సోమవారం మొదటి బస్సుకు తిరిగి పోతాడు. ఆ రోజు బస్సు వదిలేసి వచ్చాడంటే కూలి కూడా వదిలేసినట్టే. వరండా కింద నిలబడ్డాడు. పైకి రమ్మన్నాను.

"ఈడే బాగుంది టీచరమ్మా. నా బిడ్డ చేతిలో తప్పెట ఉందని మీకు ఎవరు చెప్పినారు?"

అమ్మాయి తలుపు పక్కన నిలబడి ఉంది. నేను మారిన కథ చెప్పబోయాను. దయ్యం కాదు, ఇప్పుడు నాయికే తప్పెట అని. ఆయన పూర్తిగా విన్నాడు.

"మీకు నేను గుర్తుండను. మా కాలనీకి వచ్చినారు మీరు. నాకు మీసం మొలిచే వయసు. లైటు కట్టి, మైకు పెట్టి మాట్లాడినారు. వాళ్ళ చావుకు మీరు ఏమిటికి కొట్టాల, ఆ తోలు తీసి మంటలో వెయ్యండి అన్నారు. మా నాయన తప్పెట నేనే మంటలో వేసినాను. మీరు చప్పట్లు కొట్టినారు."

నాకు గుర్తుంది. ఆ తప్పెట కాలిన సంగతి నా విజయంగా ఎన్నో సభల్లో చెప్పుకున్నాను. వేసిన కుర్రవాడి ముఖం మాత్రం గుర్తు లేదు.

"మీరు బస్సెక్కి పోయినారు. తప్పెట కొట్టనోళ్ళకు పని లేదని ఊళ్ళో కూలికి పిలవడం మానేసినారు. అందుకే హోసూరు. సరి, నాకు చింత లేదు. తప్పని చెప్పడం లేదు. నా బిడ్డ ఆ పుల్ల పట్టకుండా పెరిగినాది, అది చాలు అనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ మీరే పట్టించినారు. కొట్టేది తప్పా, కొట్టనిది తప్పా? రెండూ మీరే చెప్పితే ఎట్ల?"

"కొట్టడం తప్పు కాదు," అన్నాను. నా గొంతు నాకే వేదిక మీది గొంతులా వినిపించింది. "పుట్టుకను బట్టి కొట్టించడం తప్పు. వాద్యం ఎవరిదైనా కావచ్చు. ఎవరైనా నేర్చుకోవచ్చు."

"ఎవరైనా?"

"ఎవరైనా."

"అయితే మీరు కొట్టండి."

ఇంత తిన్నని తర్కం నాకు ఏ పండితుడి దగ్గరా ఎదురు కాలేదు. తప్పించుకోవడానికి వంద సాకులు ఉన్నాయి. నేను వయొలిన్ టీచరును, వయసు యాభై ఆరు, పోటీకి మూడు వారాలే ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు, ఎందుకంటే ఒక్కటి చెప్పినా అంతకు ముందు అన్నది అబద్ధమవుతుంది.

"కొడతాను," అన్నాను. "పాప ఏం వాయిస్తుంది?"

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీకేం కావాల?"

అమ్మాయి వెంటనే చెయ్యి చూపించింది. బల్ల మీద నా వయొలిన్ పెట్టె ఉంది.

"అది మీరు తప్ప ఎవరూ పట్టుకోలేదు టీచర్," అంది.

నిజమే. తీగ తెగుతుందని, కమాను పాడవుతుందని ఇన్నేళ్ళలో ఏ పిల్లకూ ఇవ్వలేదు. పెట్టె తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాను.

మూడు వారాల్లో వయొలిన్ రాదు. కానీ మేక అరవడానికి రాగం అక్కర్లేదు. ఒక తీగ మీద వేలు కిందికి జార్చి, కమాను కొంచెం వణికించి, ఉన్నట్టుండి తెంచితే చాలు. వేలు పైకి జారితే అది ఏడుపు అవుతుంది, కిందికి జారితే మేక అవుతుంది. ఇది నేను చెప్పలేదు, ఆమె కనుక్కుంది. మొదటి సగంలో కమానును తీగలు మోసే చెక్క దాపుకు తెచ్చి వాయిస్తే, బిందెలోంచి వచ్చినట్టు గరగరగా ఉండేది. బిందె తీసిన తర్వాత అదే అరుపు, కమాను కొంచెం ఇవతలికి, గొంతు విడిపోయేది. ఆ మొదటి సాయంత్రం బయట కట్టేసి ఉన్న ఎవరిదో మేక జవాబిచ్చింది. పెద్దాయన లేచి నిలబడి క్లారినెట్‌తో దండం పెట్టాడు.

నా సంగతే బాగోలేదు. ఆదివారాలు ఆ తండ్రి బడికి వచ్చేవాడు. తప్పెట ముట్టుకోలేదు. బెంచీ మీద వేళ్ళతో వాయించి చూపేవాడు, నేను తోలు మీద వేసేదాన్ని. కాగితాలు మండించి తోలు కాచడం చెప్పాడు, ఎంత దూరంలో పట్టాలో, తోలు ఎప్పుడు చాలు అంటుందో. ఎడమ చేతిలో సన్న పుల్ల, కుడి చేతిలో పొట్టి పుల్ల. నడిచే పిల్ల అడుగులు కాబట్టి మూడు దెబ్బలు, ఒక ఆగుడు. మూడోది నాకు ప్రతిసారీ ఆలస్యంగా పడేది.

"మీరు ఆలోచన చేస్తా ఉన్నారు టీచరమ్మా," అనేవాడు. "ఆలోచన చేస్తే దెబ్బ పోతాది."

"ముప్పై ఏళ్ళు పిల్లల చెయ్యి మీద కొట్టిన మనిషి," అన్నాడు పెద్దాయన. "తోలు మీద కొట్టను రాలేదే."

పల్లెలో మాట పాకింది. మా బంధువు ఒకాయన ఫోను చేసి, నువ్వు చెప్పుకునే సంస్కరణలు మాకు అలవాటే గానీ, వేదిక మీద తప్పెట మాత్రం వద్దమ్మా, ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్నారు అన్నాడు. ఇన్నేళ్ళు నేను కులం లేదని అరిచినప్పుడు ఆయనకు ఇబ్బంది కలగలేదు. పుల్ల పట్టుకోగానే కలిగింది. ఏది మాటో ఏది పనో నాకు ఆ ఫోనుతో అర్థమైంది.

పోటీ ధర్మపురిలో ఒక మండపంలో. తెర వెనుక మా వంతుకు ముందు హెడ్మాస్టరు వచ్చాడు. చెమటలు పట్టి ఉన్నాడు.

"టీచర్, ముందు వరుసలో పెద్దవాళ్ళున్నారు. ఫోటోలు తీస్తారు. ఒక్క మార్పు. మీరు వయొలిన్ తీసుకోండి, అమ్మాయికి తప్పెట ఇవ్వండి. చూడటానికి సరిగ్గా ఉంటుంది."

నేను నోరు తెరిచేలోపు అమ్మాయి అంది, తమిళంలో, చాలా మర్యాదగా: "టీచరుకు మేకపిల్ల అరుపు రాదు సార్."

పెద్దాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. హెడ్మాస్టరు నన్ను చూశాడు. రాదు సార్, అన్నాను. అది నిజం. నేను అరిపిస్తే అది ఏదో ఒక రాగం అయిపోతుంది.

వేదిక ఎక్కాము. తోలు కాచినది ఇంకా వెచ్చగా ఉంది. కోడి వచ్చింది, పిల్లలు నవ్వారు. ఊరి పెద్ద వచ్చాడు, ఇంకా నవ్వారు. పేయి అరుపు వచ్చింది. ముందు వరుసలో ఒక చిన్నపాప తల్లి కొంగులో దూరింది. మూడు దెబ్బలు, ఒక ఆగుడు, నేను నడిచాను. చెట్టు దగ్గరకు వచ్చేసరికి భయానికి నా దెబ్బ గతి తప్పింది. అమ్మాయి కమాను ఎత్తి నా కోసం ఆగింది. నేను సర్దుకున్నాక అరిచింది, ఈసారి బిందె లేని గొంతుతో.  హాల్లో నాలుగు మూలల నుంచీ పిల్లలు, "మేకపిల్ల, మేకపిల్ల."

బహుమతి వేరే బడికి పోయింది. వయొలిన్‌తో మేక అరిపించడం ఆ వాద్యానికి మర్యాద కాదని న్యాయనిర్ణేత ఒకాయన అన్నాడట. సరే.

చివర అందరికీ శాలువాలు కప్పారు. నిర్వాహకుడు ఒకాయన వరసగా వస్తున్నాడు. అమ్మాయి వయొలిన్ పట్టుకొని ఉంది, ఆయన రెండు చేతులా శాలువా భుజాల చుట్టూ తిప్పి, తల నిమిరి, ఎవరి పాప అని ముచ్చటగా అడిగాడు. పెద్దాయనకు కప్పాడు. బూర మనిషికి కప్పాడు. నా దగ్గరికి వచ్చాడు. నా మెడలో తప్పెట వేలాడుతోంది. ఆయన శాలువా చివర పట్టుకొని, చెయ్యి చాచి, నా చేతుల్లోకి జార్చాడు. వేళ్ళు తగలకుండా. దాటిపోయాడు. అందులో కోపం లేదు, ద్వేషం లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినంత సహజంగా చేశాడు.

ఆ ఒక్క కదలిక గురించి నేను నూరు సభల్లో మాట్లాడి ఉంటాను. అది నా చేతుల్లోకి పడటం అదే మొదటిసారి.

"సార్," అంది అమ్మాయి. "మా టీచరుకు కప్పలేదు."

ఆయన తిరిగి చూశాడు. "టీచరా? అయ్యో, క్షమించండమ్మా, తెలియలేదు," అంటూ గబగబా వచ్చి శాలువా తీసుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

"ఎవరనుకున్నారు?" అని అడిగాను.

మైకు దగ్గరలోనే ఉంది, ఆ మాట హాలంతా వినిపించింది. నేను వాదించలేదు, ఉపన్యసించలేదు. జవాబు కోసం నిలబడ్డాను. ఆయన హెడ్మాస్టరును చూశాడు, నేల చూశాడు. హెడ్మాస్టరు దగ్గాడు.  జవాబు వచ్చేదాకా నిలబడి ఉండేదాన్నే గానీ, తర్వాతి బడి పిల్లలు వేషాలతో మెట్ల మీద ఎదురు చూస్తున్నారు. శాలువా మడిచి అక్కడి కుర్చీ మీద పెట్టి దిగాను. అమ్మాయి కూడా తనది తీసి, చక్కగా మడిచి, దాని మీదే పెట్టింది. నేను చెప్పలేదు.

ఆమె నాన్న వెనుక వరుసల అవతల, గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. అంతా చూశాడు, శాలువా సంగతి కూడా. 

"మూడో దెబ్బ మళ్ళీ ఆలస్యమైనాది టీచరమ్మా," అన్నాడు. "ఆదివారం వస్తాను. సరిచేద్దాం."

"పోటీ అయిపోయింది కదా," అన్నాను.

"పోటీ అయిపోయినాది," అన్నాడు. "మీకింకా రాలేదు కదా."